పదిహేను మంది దొరకని జట్టు

ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్ర నూట ముప్ఫై పేజీలు నేను టైపు చేశాను. ఆ ఆట నేనెప్పుడూ ఆడలేదు. ఆ ఆట పుట్టిన దేశం ఇప్పటికీ చూడలేదు. తెనాలిలో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి టైపు హయ్యర్ పాసైన రోజుల్లో, ఈ చదువు ఇందుకు పనికొస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

డెబ్బైల చివర్లో మేం న్యూయార్క్‌లో, బ్రాంక్స్ వైపు, ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకి దిగాం. మా ఆయనది ఒక కన్సల్టింగ్ కంపెనీలో డ్రాఫ్టింగ్ పని. పాపకి అప్పటికి రెండేళ్ళు. కింది అంతస్తులో ఇంటి ఓనరు ఒక్కడే ఉండేవాడు. ఐర్లండ్ ఆయన. పందొమ్మిదో ఏట ఓడెక్కి వచ్చి, భూమి కింద నడిచే రైళ్ళకి డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతురూ కాలిఫోర్నియాలో ఉండేది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పైపు కాలుస్తూ వాకిట్లో మెట్ల మీద కూర్చునేవాడు.

ఉద్యోగానికి అప్లై చేసేముందు వేళ్ళు మళ్ళీ తిరగాలని ఒక సెకండ్‌హ్యాండ్ టైప్‌రైటర్ కొనుక్కున్నాను. పాప పడుకున్నాక మధ్యాహ్నాలు ప్రాక్టీసు చేసేదాన్ని. ఆ టకటకలు కిందికి వినబడతాయని తెలుసు. ఏమంటాడో అని భయపడుతుండగానే ఒకరోజు మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టాడు.

"మీ ఆయన పుస్తకాలు రాస్తాడా?"

"లేదండీ, నేనే. టైపు ప్రాక్టీసు చేస్తున్నాను. చప్పుడు ఎక్కువగా ఉంటే మానేస్తాను."

"మానెయ్యకు. నిమిషానికి ఎన్ని మాటలు కొడతావు?"

"నలభై అయిదు కొట్టేదాన్ని. అలవాటు తప్పింది."

తలూపి కిందికి వెళ్ళి, ఒక బిస్కట్ల రేకు డబ్బా పట్టుకొచ్చాడు. మా వంటింటి బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల పాత పేపరు ముక్కలు, ఫోటోలు, కవర్ల వెనక పెన్సిలుతో రాసిన పేర్ల జాబితాలు.

"మా కౌంటీ జట్టు చరిత్ర రాయాలి. ఇదంతా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నా చేతిరాత నాకే అర్థం కాదు. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ ఊళ్ళో ఐర్లండ్ వాళ్ళకి జిల్లాకొక జట్టు. గుంటూరు జిల్లా వాళ్ళంతా ఒక జట్టు, కృష్ణా జిల్లా వాళ్ళంతా ఒక జట్టు అయి ప్రతి ఆదివారం బ్రాంక్స్‌లో తలపడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆయనది పడమటి సముద్రం వైపు చిన్న కౌంటీ. పేరు చెప్పను, ఆ జట్టువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పదేళ్ళు ఆ జట్టులో ఆడి, మోకాలు పోయాక ముప్ఫై ఏళ్ళకు పైగా దానికి సెక్రటరీగా ఉన్నాడు.

అలా ప్రతి శనివారం భోజనాలయ్యాక కూర్చునేవాళ్ళం. పాలు, పంచదార వేసి మరగబెట్టిన మన టీ ఆయనకి నచ్చింది. రెండు కప్పులు తాగితే గాని మాట మొదలయ్యేది కాదు. మొదట్లో ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. మాటల చివర్లు మింగేసేవాడు. నేను విన్నట్టుగా కొట్టేదాన్ని, ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది మనిషి పేరు కాదు, ఊరి పేరు" అని దిద్దేవాడు.

ఆట సంగతి నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. గోల్ కర్రలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనించి పోతే ఒక పాయింటు, తెల్లజెండా ఎత్తుతారు. కిందనించి వలలోకి పోతే మూడు, అప్పుడు పచ్చజెండా. జట్టుకి పదిహేను మంది. ఆ పదిహేను మంది పేర్లూ ఏ ఏడాదివి అడిగినా కళ్ళు మూసుకుని చెప్పేవాడు. గోల్‌కీపరుతో మొదలుపెట్టి, వెనక ముగ్గురు, వాళ్ళ ముందు ముగ్గురు, మధ్యలో ఇద్దరు, ముందు వరస మూడూ మూడూ. మనం చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. మధ్యలో ఆపితే మళ్ళీ గోల్‌కీపరు దగ్గర్నించి మొదలుపెట్టేవాడు.

జట్టు పెట్టినవాళ్ళు పన్నెండు మంది. ఓడరేవులో మూటలు మోసేవాళ్ళు, మంచు దిమ్మలు బండ్ల మీద వేసుకుని ఇళ్ళకి చేరవేసేవాళ్ళు, ఇద్దరు పోలీసులు. తొలి ఏళ్ళలో చొక్కాలన్నీ ఒకే రంగువి కొనలేక ఇంట్లో రంగు కాచి ముంచుకున్నారట. వాన పడ్డ మ్యాచిలో ఆ రంగంతా కారి, ఎవరు ఏ జట్టో తెలియక రిఫరీ ఆట ఆపేశాడని చెప్పి ఆయన నవ్విన రోజు నాకు గుర్తుంది. మొత్తం మీద ఒక్కసారి కప్పు గెలిచారు. ఆ ఏడాదికి పదహారు పేజీలు పట్టాయి.

ఓడిపోయిన ఒక ఫైనల్‌కి ఇంకా ఎక్కువ పట్టాయి. పక్క కౌంటీ జట్టుతో ఆట. ఆఖరి నిమిషంలో వీళ్ళవాడు తన్నిన బంతి కర్ర కంటే ఎత్తుగా పోయింది. లోపలికి పోయిందో బయటికి పోయిందో ఎవరికీ తెలియలేదు. అక్కడ నిలబడ్డ అంపైరు తెల్లజెండా సగం ఎత్తి, ఒక్క క్షణం ఆగి, దించేశాడు. ఒక్క పాయింటుతో ఓడారు. ఆ సగం ఎత్తిన జెండా గురించి మూడు శనివారాలు చెప్పాడు.

"ఇక్కడ కొంచెం తగ్గిద్దామా?" అన్నాను.

"తగ్గించడమేమిటి. జరిగిందిగా."

తగ్గించలేదు.

ఆదివారం ఉదయం తెలుగు కుటుంబాలం నాలుగైదు కలిసి ఒకరింట్లో ప్రార్థన చేసుకునేవాళ్ళం. అది అయ్యాక ఆయన మమ్మల్ని మైదానానికి తీసుకెళ్ళేవాడు. అక్కడ గడ్డి లేదు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. చెక్క బెంచీల మీద ముసలివాళ్ళు కోట్లు వేసుకుని కూర్చునేవాళ్ళు. నేను అనుకున్నట్టు ఆయన ఆట చూసేవాడు కాదు. గేటు వైపు చూసేవాడు. చేతిలో కాగితం, దాని మీద పదిహేను గీతలు. ఒక్కొక్కడూ సంచీ భుజాన వేసుకుని లోపలికి వస్తుంటే ఒక్కొక్క గీత దగ్గర పేరు రాసేవాడు. తొమ్మిది, పది, పదకొండు. ఆట మొదలయ్యే వేళకి పన్నెండు, మహా అయితే పదమూడు.

వాళ్ళలో ఒకాయన బస్సు డ్రైవరు, నలభై నాలుగేళ్ళు. ఇంకొకాయన కొడుకు పెళ్ళి మొన్ననే అయింది. అవతలి జట్టువాళ్ళ వయసులు కూడా కాస్త అటూఇటూ అంతే, కానీ వాళ్ళది పెద్ద కౌంటీ, పదిహేను మంది ఉండేవారు. ఇరవై నిమిషాలయ్యేసరికి మనవాళ్ళు నడుం పట్టుకుని నిలబడిపోయేవారు. 'మనవాళ్ళు' అని ఎప్పటినుంచి అనడం మొదలుపెట్టానో నాకు తెలియదు. మా ఆయన ఒకసారి బుర్ర గోక్కుని, "నేను పోయి ఊరికే నిలబడనా?" అని అడిగాడు. ముసలాయన ఆయన భుజం తట్టి, "రూలు ఒప్పుకోదు. మా కౌంటీలో పుట్టాలి, లేదా మీ నాన్న పుట్టాలి" అన్నాడు.

ఆ రోజు ఇంటికొస్తుంటే కారులో నేనే అడిగాను. "కొత్తవాళ్ళు ఎందుకు రావట్లేదండీ?"

బదులుగా ఆయన, "మీరెలా వచ్చారు?" అన్నాడు.

"మా ఆయనకి ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. అప్లై చేస్తే గ్రీన్‌కార్డ్ వచ్చింది."

"అదే. అరవైల్లో చట్టం మార్చారు. అంతకు ముందు మా దేశానికి బోలెడు వాటా ఉండేది, మీ దేశానికి ఉండీ లేనట్టే. ఇప్పుడు డిగ్రీ అయినా ఉండాలి, అమ్మో నాన్నో అన్నో ఇక్కడైనా ఉండాలి. మా పిల్లలకి డిగ్రీలెక్కడివి. ఉన్నవి కాళ్ళు." అద్దంలోంచి నా మొహం చూసినట్టున్నాడు. "నీ మీద కోపంతో అనట్లేదమ్మాయ్. ఏ చట్టం మీకు తలుపు తీసిందో అదే మాకు మూసింది. ఇది కూడా రాయాలి, శనివారం గుర్తుచెయ్యి."

గుర్తుచేశాను. రాశాం. అయినా ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన కాగితం మీద ఖాళీగా మిగిలిన గీతలు చూస్తుంటే, ఎవరివో సీట్లలో మేం కూర్చున్నట్టు ఒళ్ళు ముడుచుకునేదాన్ని. మేం చేసిన తప్పేం లేదని తెలుసు. తెలిసినా చేయగలిగిందేం లేదు.

మూడో ఏడాది వసంతకాలంలో ఆయన గొంతు బొంగురు పోయింది. జలుబన్నాడు. నెల దాటినా తగ్గలేదు.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళండి" అన్నాను.

"సీజన్ అవనీ."

వారం వారం అన్నాను. నాకు ఇరవై ఆరేళ్ళు, ఆయన మా నాన్నకంటే పెద్ద, పైగా మేం ఆయన ఇంట్లో అద్దెకున్నవాళ్ళం. ఎంత గట్టిగా చెప్పాలో తెలిసేది కాదు. ఆయన ఫ్రిజ్ మీద అంటించి ఉన్న కూతురు నంబరు చూసి రాసుకుని, పైకొచ్చి ఫోన్ చేశాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "మా నాన్న నా మాట ఎప్పుడు విన్నాడు కనక" అంది. "మీరు కాస్త కనిపెట్టి ఉండండి" అంది. కనిపెట్టే ఉన్నాను. ఆ మనిషి మాట రోజురోజుకీ గాలిలా తేలిపోవడం శనివారం శనివారం దగ్గర కూర్చుని విన్నాను. పేర్లు చెప్తూ చెప్తూ మధ్య వరసకి వచ్చేసరికి ఆగి నీళ్ళు తాగేవాడు.

సీజన్ అయ్యాక వెళ్ళాడు. గొంతులో కేన్సరన్నారు. స్వరపేటికని పూర్తిగా తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, దాని మీద తెల్లని గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. నా ముందు ఒక్కసారి పెట్టుకుని నా పేరు పిలిచాడు. డబ్బాలోంచి ఈగ అరిచినట్టుంది. పాప బెదిరి నా వెనక దాక్కుంది. యంత్రం తీసి సొరుగులో పెట్టాడు, మళ్ళీ తీయలేదు.

పాప ఆడుకునే పలక ఒకటి ఉండేది. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం, పుల్లతో రాస్తే అక్షరాలు కనిపిస్తాయి, కాగితం ఎత్తితే చెరిగిపోతాయి. అది ఆయనకిచ్చాం. అప్పట్నించి మా మాటలన్నీ దాని మీదే.

చరిత్ర ఆగలేదు గానీ నత్తనడకయింది. ఒక వాక్యం రాసి, నాకు చూపించి, నేను కొట్టాక, కాగితం ఎత్తి ఇంకో వాక్యం. సగం ఎత్తిన జెండాకి మూడు శనివారాలు తీసుకున్న మనిషి ఇప్పుడు ఒక ఏడాది మొత్తాన్ని రెండు ముక్కల్లో తేల్చేవాడు. 'ఓడాం. పదమూడు మందిమి.' తర్వాతి ఏడాది: 'ఓడాం. పన్నెండు మందిమి. ఇద్దరికి దెబ్బలు.'

"ఎవరెవరు ఆడారో రాద్దామా?" అంటే చెయ్యి ఊపేసేవాడు. తెలియక కాదు. పుల్లతో పన్నెండు పేర్లు రాసే ఓపిక లేక.

నేను వెళ్ళి ఆటగాళ్ళని అడిగాను. మైదానంలో బస్సు డ్రైవరు బూట్లు విప్పుకుంటూ ఒక మాట చెప్పాడు, కొడుకు పెళ్ళి చేసినాయన ఇంకోటి చెప్పాడు. రెండూ రాసుకొచ్చి చూపిస్తే ముసలాయన రెండూ తప్పన్నట్టు తల అడ్డంగా ఆడించి, పలక తీసుకుని, కాసేపు పుల్ల పట్టుకుని, ఏమీ రాయకుండా కింద పెట్టేశాడు.

ఆ చలికాలంలో మీటింగ్ వచ్చింది. సీజన్లో మూడుసార్లు పదిహేను మంది లేకుండా వస్తే జట్టుని తీసేస్తామని పోటీలు నడిపే లీగ్‌వాళ్ళు చెప్పారు. అందుకని జట్టుని పక్క కౌంటీ జట్టులో కలిపేద్దామని కొందరు లేవదీశారు. ఏ జట్టు చేతిలో సగం జెండాతో ఓడారో ఆ జట్టే. పేరు వాళ్ళదే ఉంటుంది, చొక్కాలూ వాళ్ళవే.

మూడు రోజులు కింద కూర్చుని ఏదో రాశాడు. పలక మీద కాదు, కాగితం మీద. నేను దాన్ని ఒక పేజీకి టైపు చేశాను. చేసి ఇస్తే మళ్ళీ నా చేతిలోనే పెట్టి, పలక మీద రాశాడు: 'నువ్వు చదవాలి.'

"నేనా? అక్కడ మీవాళ్ళెవరైనా చదవొచ్చుగా?"

'మూడేళ్ళుగా కొడుతున్నది నువ్వు. వాళ్ళలో ఎవరికీ ఇంత తెలియదు.'

కాదనలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం, చర్చి కింద ఉన్న హాల్లో, మడత కుర్చీల్లో పాతిక ముప్ఫై మంది మగవాళ్ళు. చీర మీద ఓవర్‌కోటు వేసుకుని నేను. అధ్యక్షుడు మంచివాడే. సభ్యురాలు కాకపోయినా పెద్దాయన తరఫున చదవనిద్దామన్నాడు, అందరూ సరేనన్నారు.

ఆ పేజీలో ఉన్నది ఇది: జట్టుని కలపొద్దు. అవసరమైతే ఆట ఆపేయండి, పేరు మాత్రం ఉంచండి. రెండేళ్ళు ఓపిక పట్టండి. అక్కడ పనుల్లేవని ఇళ్ళనుంచి ఉత్తరాలు వస్తున్నాయి. పనుల్లేకపోతే మన పిల్లలు వస్తారు, చట్టం ఏం చెప్పినా వస్తారు. వచ్చినప్పుడు వాళ్ళకి మన పేరుతో ఒక చొక్కా ఉండాలి. దీనికి ముందు, జట్టు పెట్టిన పన్నెండు మంది పేర్లూ, ఒక్కొక్కరూ ఏ ఊరినుంచి వచ్చారో.

ఆ ఊళ్ళ దగ్గరే తప్పిపోయాను. గొంతున్నప్పుడు ఆయన చెప్పిన ఊళ్ళయితే నాకు నోటికొచ్చు. ఇవి గొంతు పోయాక రాసినవి. ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ ఊళ్ళ పేర్లలో పది అక్షరాలుంటే నాలుగే పలుకుతారు, ఏ నాలుగో చూస్తే తెలియదు. నేను అన్నీ పలికాను. మొదటి ఊరికే వెనక వరసలో ఎవరో మెల్లగా దిద్దారు. రెండో ఊరికి ఇద్దరు దిద్దారు. మూడోదానికి వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు దిద్దుకుని, ఆ ఊరు అసలు మన కౌంటీలో ఉందా పక్క కౌంటీలో ఉందా అని వాదం వేసుకున్నారు. కొందరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నాకు మాత్రం కాగితం మీద అక్షరాలు కదిలిపోయాయి. గబగబా చదివేశాను. రెండేళ్ళు ఆగమన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. వాళ్ళింకా ఆ ఊరి గురించే మాట్లాడుకుంటున్నారు.

ముసలాయన లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడ దగ్గర గుడ్డ లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. హాలు ఒక్కసారి సద్దుమణిగింది. అందరూ ఆయన్ని చూస్తున్నారు, ఆయన నన్ను చూస్తున్నాడు. ఏం చెప్పాలనుకుంటున్నాడో నాకు తెలుసు. ఆ మాటలు నా చేతిలోనే ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచి చదవనా అని అడగడానికి నోరు రాలేదు. అధ్యక్షుడు ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. కలపాలన్న వాళ్ళు చేతులెత్తండన్నారు. ఎత్తారు. వద్దన్నవాళ్ళు ముగ్గురు.

ఇంటికి నడిచి వచ్చాం. వాకిట్లో ఆగి పలక తీసి, 'బాగా చదివావు' అని రాశాడు. కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తర్వాత శనివారాలు పైకి రాలేదు. నేనే టీ పట్టుకుని కిందికి వెళ్ళేదాన్ని. టైపు చేసినదంతా ఒక అట్టపెట్టెలో సర్ది ఇచ్చాను. అచ్చు వేయిద్దామా అని అడిగాను. 'ఎవరి కోసం' అని రాసి, కాగితం ఎత్తేశాడు.

ఆయన చెప్పినట్టే జరిగింది. రెండేళ్ళు కాదు, మూడేళ్ళు పట్టింది. మా వీధిలో, బస్టాపుల్లో, కిరాణా షాపులో, అదే యాస, కాకపోతే కుర్రగొంతులతో వినబడటం మొదలైంది. విజిటర్ వీసా మీద వచ్చి ఉండిపోయినవాళ్ళు. కట్టుబడి పనులకి పోయేవాళ్ళు మగపిల్లలు, ముసలివాళ్ళని చూసుకునే పనులకి ఆడపిల్లలు. కానీ ఈలోగా ముసలాయన వంటింట్లో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు రాకుండా పోయాయి. కూతురు వచ్చి నర్సింగ్ హోమ్‌లో చేర్చి, ఇల్లు అమ్మకానికి పెట్టింది. మా ఆయనకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది, మేం ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్‌కి మారడానికి సామాను కడుతున్నాం. కాగితాల పెట్టె ఏం చేయాలని అడిగితే కూతురు, "మీకు కావాలంటే ఉంచుకోండి" అంది.

సరిగ్గా ఆ వారం ఒకతను తలుపు కొట్టాడు. పాతికేళ్ళ వడ్రంగి, చొక్కా నిండా రంపపు పొట్టు. ముసలాయన కౌంటీ వాడు.

"జట్టు మళ్ళీ పెడుతున్నామండీ, మా పేరుతోనే. ఇరవై ఆరు మంది ఉన్నాం. ఈ ఇంట్లో ఒకాయన దగ్గర పాత కాగితాలున్నాయని చెప్పారు."

ఇరవై ఆరు మంది. ఆ మాట ఆయన ఈ మెట్ల మీద కూర్చుని ఉండగా విని ఉంటే ఏం చేసేవాడో ఊహించుకోలేకపోయాను. వడ్రంగిని కారులో ఎక్కించుకుని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాను.

కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. నేను సంగతి చెప్పాను. ఆయన కుర్రాణ్ణి పైనించి కిందికి చూసి, చూపు బూట్ల మీద ఆపాడు. ఎడమ చేత్తో పలక మీద రాయడానికి చాలాసేపు పట్టింది. 'ఎవరి తాలూకు?'

వడ్రంగి ఊరి పేరు, తాత పేరు చెప్పాడు. నేను మీటింగ్‌లో తప్పు చదివిన ఊళ్ళలో అదొకటి. అతని నోట అది చిన్న మాటలా వినబడింది. ముసలాయన తలూపాడు. ప్లాస్టిక్ కాగితం ఎత్తి మళ్ళీ రాశాడు. 'కాగితాలున్నాయా?'

పెట్టె గురించి అనుకుని నేను చెప్పబోయాను. వీసా సంగతని వడ్రంగికి ముందే అర్థమైంది. నవ్వి, "లేవండీ" అన్నాడు. "మాలో ఎవరికీ లేవు."

అంతకు ముందు నెలే నేనూ మా ఆయనా పౌరసత్వం తీసుకున్నాం. ఆ సంగతి ఆయనకి చెప్పాలని వచ్చిన ప్రతిసారీ అనుకుంటున్నాను. ఆ రోజు కూడా చెప్పలేదు.

పెట్టె వడ్రంగికిచ్చాను. కార్బన్ కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. కొత్త సీజన్‌కి వాళ్ళు వేసిన చిన్న పుస్తకంలో నూట ముప్ఫై పేజీలు రెండు పేజీలయ్యాయి. కప్పు గెలిచిన ఏడాది తప్పు పడింది. పన్నెండు మంది పేర్లు లేవు. ఓడిన ఫైనల్ అసలు లేదు. ఫోన్ చేసి అడిగితే వడ్రంగి నిజంగానే బాధపడ్డాడు. "పొద్దున్నే పనికి పోతాం, చీకటి పడ్డాక వస్తాం. ఎవరికి కుదిరితే వాళ్ళు రాశాం. వచ్చేసారి సరిచేస్తాం" అన్నాడు. ఆ ఎండాకాలమే ఐర్లండ్‌లో అతని నాన్న పోయాడు. ఇంటికి వెళ్తే మళ్ళీ రానివ్వరని తెలిసే వెళ్ళాడు. రానివ్వలేదు. పెట్టె ఏ అపార్ట్‌మెంట్‌లో ఉండిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

కొత్త జట్టు మొదటి మ్యాచ్‌కి మేం ప్లెయిన్స్‌బరో నుంచి డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. పాత రంగు చొక్కాల్లో పదిహేను మంది మైదానంలోకి పరుగెత్తుకొస్తే, బెంచీల మీద ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. మీటింగ్‌లో చెయ్యెత్తినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. కుర్రాళ్ళు గాలిలా పరుగెత్తారు గానీ ఒకరి ఆట ఒకరికి ఇంకా తెలియదు. తొమ్మిది పాయింట్లతో ఓడారు. స్కోరు కాగితం మీద రాసుకుని తిన్నగా నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం.

ఆయన మంచం మీద ఉన్నాడు. స్కోరు చెప్పాను. దుమ్ము ఎలా లేచిందో, ముసలివాళ్ళు ఎలా నిలబడ్డారో అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత పలక కావాలన్నట్టు వేలు కదిపాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మా ఆయన వెలుగుకి పట్టుకుని చదివాడు.

'గోల్‌లో ఎవరు?'

నేను చూడలేదు. తొమ్మిది పాయింట్లతో ఓడిన గంటసేపు అక్కడ కూర్చుని, గోల్‌కీపరు ఎవరో కనుక్కోలేదు. "కనుక్కుని చెప్తానండీ" అన్నాను.

మరుసటి ఆదివారం పాపకి జ్వరం, కదల్లేకపోయాం. ఆ పై ఆదివారం ముందు మైదానానికే వెళ్ళి, గోల్ వెనక నిలబడి, అతని పేరు, ఊరు, వాళ్ళ నాన్న పేరు అడిగి రాసుకున్నాను. ఊరు ఎలా పలకాలో రెండుసార్లు చెప్పించుకున్నాను. నర్సింగ్ హోమ్‌లో మంచం ఖాళీగా ఉంది. న్యుమోనియా, ఆస్పత్రికి మార్చామన్నారు. అక్కడికి వెళ్ళేసరికి మెడ దగ్గర గొట్టం పెట్టి ఉంది, కళ్ళు తెరవట్లేదు. చెవి దగ్గర వంగి పేరు చెప్పాను, ఊరు చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. నర్సు వచ్చి టైమయిందని చెప్పింది.

శుక్రవారం పోయాడు. కూతురు వచ్చింది. జట్టులో కుర్రాళ్ళు ఆరుగురు శవపేటిక మోశారు. ఆయన వాళ్ళలో ఎవరికీ తెలియదు, కౌంటీ ఒకటని వచ్చారు. గోల్‌కీపరు రాలేదు. ఆ రోజు అతనికి పని దొరికిందట.